ఫజీతి లేని ఫహీటా

రాసేది ఒకటి, పలికేది ఒకటి అయిన విదేశీ వంటకాల్లో ఫహీటా ముందు వరుసలో ఉంటుంది. మెనూ కార్డులో ఇంగ్లిష్ అక్షరాలను ఉన్నవున్నట్లు చదివితే అది ఫజీతా. ఆ మాట వింటే తెలుగువాడికి గుర్తొచ్చేది ఫజీతి. పెద్ద హోటళ్లలో వెయిటర్ చుయ్‌మంటూ పొగలు కక్కే ఇనప పళ్లెంతో పరుగెత్తుకు రావడం, చుట్టుపక్కల బల్లల వాళ్లంతా తలలు తిప్పి చూడడం, అతిథి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం చూస్తే పేరు సరిగ్గానే కుదిరిందనిపిస్తుంది. స్పానిష్‌లో ఆ అక్షరాన్ని ‘హ’ అని పలుకుతారు కాబట్టి ఫహీటా అయింది గానీ, లేకుంటే మన మాటే ఖాయం.

నిజానికి ఇది ఫజీతి పడాల్సిన వంటే కాదు. కోడిమాంసాన్ని పీలికలుగా కోసి, క్యాప్సికమ్, ఉల్లిపాయలతో కలిపి కాల్చి, రొట్టెలో చుట్టుకుని తినడం. అంతే. పొగల ఆర్భాటం పక్కనపెట్టి అన్నీ ఒకే ట్రేలో వేసి ఓవెన్‌లోకి తోస్తే, వారం మధ్యలో ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినా గంటలో భోజనానికి కూర్చోవచ్చు. బస్తర్‌లాంటి చోట ఈ వంట గురించి రాయడమేమిటని ఎవరైనా అడగవచ్చు. బైలడిలా ఇనుప ఖనిజం కోసం 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. దాంతో కిరండూల్, బచేలీ, జగ్దల్‌పూర్‌లలో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. ఆ ఇళ్ల పిల్లలూ అందరి పిల్లల్లాగే టెక్సస్ వెళ్తారు. వంటలు వాళ్ల వెంట తిరిగి వస్తాయి.

నలుగురికి ముప్పావు కిలో బోన్‌లెస్ సరిపోతుంది. రొమ్ము మాంసం కన్నా తొడ మాంసం మేలు. నాలుగు నిమిషాలు ఎక్కువ కాలినా రబ్బరు కాదు. జగ్దల్‌పూర్ దుకాణాల్లో అడగందే ఎముక తీయరు, అడిగితే విసుక్కోకుండా తీస్తారు. వేలి మందాన పీలికలుగా కోసి, మూడు చెంచాల నూనె, చెంచాన్నర కారం, చెంచా జీలకర్ర పొడి, చెంచా ధనియాల పొడి, నలుగు వెల్లుల్లి రెబ్బల ముద్ద, తగినంత ఉప్పు పట్టించాలి. అమెరికాలో దీనికి ఒరెగానో వేస్తారు. దానికోసం సూపర్ మార్కెట్ వెతకనక్కర్లేదు. అర చెంచా వాము చేతుల్లో నలిపి వేస్తే దాదాపు అదే ఘాటు వస్తుంది, రెండింటిలోనూ వాసన ఇచ్చే పదార్థాల్లో థైమాల్ ఉంది మరి. ఒక నిమ్మకాయ రసం కూడా. అయితే అరగంటకు మించి నానబెట్టదలచుకుంటే నిమ్మరసం ఆఖర్లో కలపండి. పులుపులో ఎక్కువసేపు నానిన కోడి పైపైన ఉడికినట్లయి పిండిపిండిగా తయారవుతుంది.

మూడు క్యాప్సికమ్‌లు, రెండు పెద్ద ఉల్లిపాయలు అంతే మందాన తరిగి మాంసంతో కలపాలి. ఓవెన్‌ను 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావుగంట ముందే వేడెక్కనివ్వాలి. ట్రేలో ముక్కలు పక్కపక్కన పరుచుకోవాలి తప్ప ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఈ వంటలో మెలకువ అంటూ ఉంటే ఇదొక్కటే. ముక్కలు కుప్పగా ఉంటే వాటిలోంచి వచ్చే నీరు పోయే దారి లేక అవి ఆవిరికి ఉడుకుతాయి. వచ్చేది కూర, కాల్చిన మాంసం కాదు. ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీల ట్రేలో నలుగురికి సరిపడా ఒకేసారి పట్టదు కాబట్టి రెండు వాయిలుగా కాల్చుకోవడమే మంచిది. ఇరవై నిమిషాలు. మధ్యలో ఒకసారి కలియబెట్టి, చివరి మూడు నిమిషాలు పై కడ్డీ ఒక్కటే వెలిగిస్తే అంచులు నల్లబడతాయి. ముక్క విరిస్తే లోపల గులాబీ రంగు కనిపించకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్లు 74 డిగ్రీలు చూసుకోవచ్చు.

చుట్టడానికి చపాతీ చాలు. కాస్త పల్చగా ఒత్తి, కాలగానే గుడ్డలో చుట్టి పెడితే మెత్తగా ఉంటుంది. బస్తర్‌లో రొట్టె కన్నా అన్నం, చోడిపిండి అంబలి ఎక్కువ. ఆ అంబలిని ఇక్కడ మాండియా పేజ్ అంటారు. కానీ కాల్చిన మాంసం పక్కన పెట్టుకోదగ్గ పచ్చళ్ల విషయంలో బస్తర్‌కు ఎవరూ వంక పెట్టలేరు. టమాటాను, పచ్చిమిర్చిని నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి, ఉప్పుతో రాతి మీద నూరే పతాల్ చట్నీ ఒకటి. మెక్సికోవాళ్లు సాల్సా అనేది దానికి తోబుట్టువే. టమాటా, మిరప, క్యాప్సికమ్ మూడూ అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చినవే కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవాల్సిందీ లేదు. రెండోది చాప్‌డా. చెట్ల మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలను, వాటి గుడ్లను మిరపకాయ, ఉప్పుతో నూరిన పచ్చడి. వారపు సంతల్లో ఆకు దొన్నెల్లో చీమలనే అమ్ముతారు. చీమలోని ఫార్మిక్ ఆమ్లం ఇచ్చే పులుపు నిమ్మకాయ పులుపు కన్నా పదునుగా నాలుకకు తగులుతుంది. ఫహీటా మీద నిమ్మరసం పిండే బదులు చిటికెడు చాప్‌డా రాసి చూడండి. మొహం చిట్లించుకునేవాళ్లకు ఒక సంగతి. ఒడిశా సిమిలిపాల్ ప్రాంతపు ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇంతవరకూ కోడి అని రాసిన ప్రతిచోటా బ్రాయిలర్ అని చదువుకోవాలి. ఇరవై నిమిషాల వంట సాధ్యమైందంటే ఆ గొప్ప ఓవెన్‌ది కాదు, ఐదారు వారాల్లో రెండు కిలోలు తూగే కోడిది. అది నడిచింది తక్కువ, బతికింది అంతకన్నా తక్కువ. దాని కండరాల్లో గట్టిపడాల్సినవి గట్టిపడేలోపే దుకాణానికి చేరుతుంది. అదే ట్రేలో, అదే వేడిలో నాటుకోడిని పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత చెప్పు తోలు చేతికొస్తుంది. ఆరేడు నెలలు చెత్తకుప్పలు కెలికి, పిల్లి తరిమితే కొట్టం ఎక్కి, రాత్రి చెట్టు మీద పడుకున్న కోడి కండరాన్ని పట్టి ఉంచే కొలాజెన్ కరగాలంటే తడి వేడి కావాలి, గంటకు పైగా సమయం కావాలి.

బస్తర్‌లో దానికి మార్గం ఆకు. కోడిని చిన్న ముక్కలు కొట్టి, ఉప్పు, కారం, పసుపు, అల్లం, వెల్లుల్లి పట్టించి, సాల్ ఆకుల్లోనో అడ్డాకుల్లోనో పొరలు పొరలుగా చుట్టి, పుల్లలతో కుట్టి, మంట తగ్గిన నిప్పుల మీద పెడతారు. పై ఆకు మాడుతుంది, లోపలి ఆకు చెమరుస్తుంది. మాంసం తన నీటిలో తానే మగ్గుతుంది. అరకులో పర్యాటకులు వరుస కట్టి కొనే బొంగు చికెన్‌ది కూడా ఇదే సూత్రం, ఆకుకు బదులు పచ్చి వెదురు. కొత్తవలస నుంచి వచ్చే రైలు అరకు మీదుగానే జగ్దల్‌పూర్ చేరుతుంది. అదే కొండల వరుస, దాదాపు అవే చెట్లు. పక్కన పెట్టుకునే కల్లు కూడా అదే. మన మన్యంలో జీలుగు కల్లు, ఇక్కడ సల్ఫీ.

అయితే ఈ ఆకు పొట్లం వారం మధ్యలో అలసిపోయి చేసుకునే వంట కాదు. అసలు బస్తర్ పల్లెల్లో వారం అంటే సోమ, మంగళ అని లెక్కపెట్టుకునేది కాదు. వారం అంటే సంత. ఆదివారం జగ్దల్‌పూర్, సోమవారం తోకాపాల్, ఇలా ఒక్కో రోజు ఒక్కో ఊరిది. భోపాలపట్నం, కొంట వైపు సంతల్లో తెలుగు బేరాలు ధారాళంగా వినిపిస్తాయి. సంతకు నడిచొచ్చే మహిళ చంకలో చాలాసార్లు ఓ కోడి ఉంటుంది. అది తినడానికి పెంచింది కాదు. ఉప్పు, నూనె, సబ్బు, పిల్లాడి జ్వరం మందు, అన్నీ అందులోంచే రావాలి. పొలం మగవాడి పేరున ఉంటుంది, ఎడ్లు మగవాడివి. కోడి మాత్రం సాధారణంగా ఆమెది, దాని డబ్బూ ఆమెదే. ఈ లెక్కన నాటుకోడి అంటే కాళ్లున్న పర్సు. దాన్ని ఇంట్లో కోస్తే అందుకు బలమైన కారణం ఉండాలి. చుట్టం రావాలి, దేవతకు మొక్కు ఉండాలి, లేదా విత్తనాల పండుగ కావాలి.

పుంజుల కథ కొంచెం వేరు. అది మగవాళ్ల వ్యవహారం. సంత పక్కనే కోళ్లపందేల బరి ఉంటుంది. ఓడిన పుంజు గెలిచినవాడి సొత్తు, ఆ రాత్రి అతని ఇంట కూర. గోదావరి జిల్లాల సంక్రాంతి బరుల్లో తిరిగినవారికి ఈ దృశ్యం కొత్తగా అనిపించదు. అందుకు కారణం ఉంది. పందేలకు పేరుపడ్డ అసీల్ జాతి స్వస్థలంగా పశు జన్యు నిపుణులు చెప్పేది ఆంధ్రప్రదేశ్‌తోపాటు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్, దంతెవాడ, ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతాలను. రాష్ట్రాల సరిహద్దులు కోడికి తెలియవు.

ఈ మధ్య నాటుకోడికి పట్నంలో గిరాకీ బాగా పెరిగింది. జగ్దల్‌పూర్ దాబాల బోర్డుల మీద ‘దేశీ’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ధర బ్రాయిలర్‌కు రెండు మూడు రెట్లు. ఇక్కడే ఫహీటా పుట్టుక కథను గుర్తు చేసుకోవాలి. స్పానిష్‌లో ఫాహా అంటే నడికట్టు. ఆవు పొట్ట దగ్గర పట్టీలా ఉండే గట్టి మాంసం ముక్కకు ఆ పేరు. టెక్సస్ దక్షిణాన పశువుల క్షేత్రాల్లో పనిచేసే మెక్సికన్ కూలీలకు జీతంలో భాగంగా యజమానులు వదిలేసే తల, పేగులు, తోలు, ఈ పట్టీ ముక్క ఇచ్చేవారు. దాన్ని నిప్పుల మీద కాల్చి, సన్నగా కోసి, రొట్టెలో చుట్టుకోవడం వాళ్లు కనిపెట్టిన ఉపాయం. (ఆ లెక్కన చికెన్ ఫహీటా అన్నమాటే తప్పు. కోడికి అలాంటి పట్టీ ముక్క లేదు.) 1969లో సనీ ఫాల్కన్ అనే మాంసం దుకాణం మేనేజర్ ఆస్టిన్ దగ్గరి కైల్‌లో స్టాల్ పెట్టి అమ్మాడు. 1973లో నిన్‌ఫా లారెంజో హ్యూస్టన్‌లో తన రొట్టెల కార్ఖానాలోనే పది బల్లలతో హోటల్ తెరిచింది. 1982లో ఆస్టిన్‌లోని హయత్ రీజెన్సీ చుయ్‌మనే ఇనప పళ్లెంలో వడ్డించడం మొదలెట్టాక దేశమంతా ఎగబడింది. ఎవరూ కొనని ముక్క ధర ఆకాశానికి వెళ్లింది. దాన్ని జీతంలో భాగంగా పొందిన కూలీ ఇంటికి అది కొనలేని సరుకైంది.

బస్తర్ నాటుకోడి ఆ దారిలోనే ఉందా? పూర్తిగా కాదు. టెక్సస్ కూలీ చేతిలో పశువు లేదు, యజమాని విదిల్చిన ముక్క మాత్రమే ఉంది. బస్తర్ మహిళ చేతిలో కోడే ఉంది. ధర పెరిగితే ఆమెకు రావాలి. రాకుండా అడ్డుపడేది కోచియా. సంతకు వచ్చే దారిలోనే కాపుకాసి, తూకం లేకుండా చూపుతో ధర కట్టి కోళ్లు, చింతపండు, ఇప్పపువ్వు కొనేసే చిన్న వ్యాపారికి ఇక్కడి పేరు అది. అతనూ పేదవాడే, సైకిలో మోటార్‌సైకిలో అతని పెట్టుబడి. కానీ దాబా బోర్డు మీది ధరకూ, ఆమె కొంగున ముడిపడే డబ్బుకూ మధ్య ఉన్న తేడాలో పెద్ద వాటా అతనిదీ, దాబా యజమానిదీ.

ప్రభుత్వం దృష్టి కూడా కోడి మీద పడింది, కాకపోతే వేరే కోడి మీద. మాంసం, ఎముక దాకా నల్లగా ఉండే కడక్‌నాథ్‌ను దంతెవాడలో మహిళా సంఘాల చేత పెంచించే పథకం పెట్టారు. ఆ కోడి స్వస్థలం మధ్యప్రదేశ్‌లోని ఝాబువా. భౌగోళిక గుర్తింపు కోసం దంతెవాడ కూడా పోటీపడింది గానీ 2018లో అది ఝాబువాకే దక్కింది. క్రికెటర్ ధోనీ 2020లో తన తోటకు రెండు వేల కడక్‌నాథ్ పిల్లల కోసం అక్కడికే ఆర్డర్ పంపాడు. సొంత గడ్డ మీది అసీల్‌ను, పెరటి నాటుకోడిని వదిలి పక్క రాష్ట్రపు పేరున్న కోడి వెంట పడడం అధికారులకు సులువు. ప్రారంభోత్సవం ఫొటోలో నల్లకోడి బాగా కనిపిస్తుంది. ఊరి కోడికి కావాల్సింది అంత ఫొటోజెనిక్ కాదు. దానికి కావాల్సింది కొక్కెర తెగులు టీకా.

రాణిఖేత్ వ్యాధి అని పుస్తకాల్లో రాసే ఈ తెగులు వస్తే ఊళ్లో కోళ్లు రోజుల్లో తుడిచిపెట్టుకుపోతాయి. మెడలు వంకరపోతాయి, పచ్చటి విరేచనాలు, ఆ తర్వాత గంప ఖాళీ. టీకా చవక. చిక్కల్లా దాన్ని చల్లగా ఉంచడంలో ఉంది. కోర్బా బొగ్గుతో కరెంటు తయారుచేసి పొరుగు రాష్ట్రాలకు పంపే ఛత్తీస్‌గఢ్‌లో, దారీ తీగా ఆలస్యంగా చేరిన దక్షిణ బస్తర్ ఊళ్లకు మందును ఐస్ డబ్బాలో మోసుకెళ్లాలి. ఈ ఇబ్బంది ఆలోచించే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేడిని కొంతవరకు తట్టుకునే ఐ-2 టీకా తయారుచేశారు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో దాన్ని కంటి చుక్కలుగా ఊరివాళ్లే వేసుకున్నారు. బస్తర్‌కు నల్లకోడి కన్నా ఈ చుక్క ఎక్కువ అవసరమని ఈ విలేఖరి అభిప్రాయం.

తెగులు కన్నా వేగంగా గంపలు ఖాళీ అయిన కాలమూ ఉంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ల నుంచి వచ్చిన ఫిర్యాదుల్లో కాలిన ఇళ్లు, పోయిన ప్రాణాల జాబితా చివర కోళ్లు ఎత్తుకుపోయారన్న వాక్యం పదేపదే కనిపిస్తుంది. పట్నం చదువరికి అది చిన్న సంగతిలా తోస్తుంది. ఆ ఇంటి ఇల్లాలికి కాదు. అప్పట్లో వేలాది మంది సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లో తలదాచుకున్నారు. సల్వాజుడుం పేరిట, ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట ఆదివాసీ యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. ఆ తర్వాత కూడా, 2013 మే 17 రాత్రి, బీజాపూర్ జిల్లా ఎడ్సమెట్టలో విత్తనాల పండుగకు చేరిన జనంపై కాల్పులు జరిగాయి. ఎనిమిది మంది గ్రామస్థులు, ఒక జవాను చనిపోయారు. భద్రతా బలగాలు భయాందోళనలో కాల్పులు జరిపి ఉండవచ్చని చెప్పిన విచారణ కమిషన్ నివేదిక 2022 మార్చిలో అసెంబ్లీ ముందుకొచ్చింది. విత్తనాల పండుగ అంటే తొలకరికి ముందు విత్తులకు మొక్కి, కోడిని కోసి, అక్కడికక్కడే వండుకుని కలిసి తినడం. ఏడాదిలో నాటుకోడి తినే బహు కొద్ది రాత్రుల్లో అదొకటి.

కాబట్టి వారం మధ్య ఫహీటాకు బ్రాయిలర్‌నే కొనండి. సిగ్గుపడాల్సిన పని లేదు, ఆ కోడి అందుకోసమే పుట్టింది. నాటుకోడి కావాలంటే సంతరోజు సంతకే వెళ్లి, పెంచిన మనిషి చేతి నుంచి, ఆమె చెప్పిన ధరకు కొనండి. సంత మధ్యాహ్నానికి గానీ నిండదు, పొద్దున్నే వెళ్తే కోచియాలే కనిపిస్తారు. ఆ కోడిని సెలవు రోజు దాకా ఆపండి. ఎముకతోనే ముక్కలు కొట్టించి, పైన చెప్పిన మసాలాయే పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి, నిమ్మరసం లేకుండా. అడ్డాకులు దొరికితే రెండు పొరలు, దొరక్కపోతే కాస్త వేడి చూపిన అరిటాకులు. గట్టిగా చుట్టి, మూత ఉన్న మందపాటి గిన్నెలో పెట్టి, అడుగున అరకప్పు నీళ్లు పోసి, 160 డిగ్రీల దగ్గర గంటన్నర. ముదురు కోడైతే రెండు గంటలు. తర్వాత ఆకులు విప్పి ముక్కల్ని ట్రేలో పరిచి, 220 దగ్గర పది నిమిషాలు ఎర్రబడనివ్వాలి. మాంసం ఎముక నుంచి దానంతటదే విడివడుతుంది, చపాతీలో చుట్టుకోవడానికి కత్తి అక్కర్లేదు. గిన్నె అడుగున మిగిలిన రసం పారబోయకండి. మర్నాడు వేడన్నంలో కలుపుకుంటే ఇంకో కూర చేయాల్సిన పని ఉండదు.